కాకుల్ని పిలిచే మనిషి పెద్దకర్మకి

నూజివీడు వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మాట ఒక్కటే: "రసాలేవీ?" మే నెలలో నూజివీడు వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చిన మనిషిని అనంతపురంలో ఎవరూ క్షమించరు. కానీ నేను వెళ్లింది పెద్దకర్మకి. కర్మ భోజనం చేసి, కాయల బుట్ట చంకన పెట్టుకుని రాలేను కదా! అందుకని పళ్లకి బదులు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ వైపు వెళ్లనివాళ్లకి తోటలు చూపించినట్టూ ఉంటుంది, నా గుండెల మీది బరువు దించుకున్నట్టూ ఉంటుంది.

ఫోను

సోమలింగం బాబాయి పోయాడని ఆయన కూతురు రత్నం ఫోన్ చేసింది.

"నిద్రలోనే పోయాడక్కా. పొద్దున్నే టీ తీసుకెళ్తే లేవలేదు. ఇదీ వేషమేనేమో అని గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డా."

బాబాయి అంటే నాకు చుట్టం కాదు. నేను ఇరవై నాలుగేళ్లు బుర్రకథ చెప్పాను. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేదాన్ని నేను. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటారు. కుడి పక్క వంత లోకం సంగతులు మాట్లాడతాడు, ఎడమ పక్క వంత నవ్విస్తాడు. అందులో ఇరవై రెండేళ్లు నా ఎడమ పక్కన నిలబడినవాడు సోమలింగం బాబాయి. జనం నవ్వుతున్నంతసేపూ నేను కథ ఆపి, ఆయన వైపు తిరిగి నిలబడాలి. నవ్వు తగ్గాకే మళ్లీ తంబురా మీటాలి. అది మా పద్ధతి. నిజం చెప్పొద్దూ, కొన్ని రోజులు అలా నిలబడటం నాకు కంటగింపుగా ఉండేది.

ఆయనో వింత మనిషి. కట్టుడు పళ్లు కథ చెప్పేటప్పుడే పెట్టుకునేవాడు, అన్నం తినేటప్పుడు తీసేసేవాడు. "పళ్లు కథకి, చిగుళ్లు కూటికి" అనేవాడు. మేకలకీ గేదెలకీ అండీ అని మర్యాద ఇచ్చేవాడు, ఆఫీసర్లని మాత్రం ఒరే అనేవాడు. వయసెంతంటే తొంభై ఆరు. పదేళ్ల కిందట అడిగినా తొంభై ఆరే. "అక్కడ బండి ఆపేశానమ్మాయ్. ముందుకెళ్తే యముడి కంట్లో పడతాం." ఇక కాకి కూత. కథలో ఎవరు చచ్చిపోయినా, ఏడుపు పాట మొదలయ్యే ముందు ఒక్క కూత కూసేవాడు. ముందు వరసలో కళ్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. గొంతు అడుగు నించి వచ్చే కూత అది, చివర్లో చిన్న జీర ఉండేది. ఎంతోమంది ప్రయత్నించారు గానీ ఇంకెవరికీ రాలేదు.

"గురువారం పెద్దకర్మ. నువ్వు రావాలక్కా" అంది రత్నం. "నాన్న చెప్పిపోయాడు. 'నేను పోయాక అమ్మాయికి కబురు పెట్టండి, తను నాకో మాట చెప్పాల్సి ఉంది' అన్నాడు. ఏం మాటక్కా?"

"ఏమోనే" అన్నాను.

ఏమో కాదు. ఆ మాటేదో నాకు తెలుసు.

పదిహేనేళ్ల కిందట బెజవాడలో మాకో పెద్ద ప్రోగ్రాం వచ్చింది. ఏసీ హాలు, టీవీ కెమెరాలు, శాలువాలు. దానికి పది రోజుల ముందు చింతలపూడిలో కథ చెబుతుంటే బాబాయి వరస మర్చిపోయాడు. చెప్పిన జోకే మూడుసార్లు చెప్పాడు. జనం మూడుసార్లూ నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బెజవాడ కెమెరాల ముందు ఇలా జరిగితే ఏం గాను? తెనాలి నించి ఒక కుర్ర వంతని మాట్లాడుకుని, బాబాయికి ఫోన్ చేసి చెప్పాను: "ప్రోగ్రాం క్యాన్సిల్ అయింది బాబాయ్. హాలు దొరకలేదట."

"పోన్లే అమ్మాయ్. హాలు దొరక్కపోతే మనమేం చేస్తాం" అన్నాడు.

ఆ తర్వాత నా ఎడమ పక్కన ఆయన మళ్లీ నిలబడలేదు. రెండేళ్లకి మా ఆయనకి అనంతపురం ట్రాన్స్‌ఫర్ అయింది, నేనూ తంబురా అటక మీద పెట్టేసి ఇక్కడో స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. బాబాయి మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో ఒక మాట అడిగేవాడు: "హాలు దొరికిందా అమ్మాయ్?" మతిమరుపో, ఎత్తిపొడుపో తెలిసేది కాదు. నేనే మెల్లగా ఫోన్ ఎత్తడం మానేశాను.

రైల్లో

గుంతకల్లు దాటాక నా ఎదురు సీట్లోకి ధర్మవరం ఆవిడ ఒకామె వచ్చింది. చీరలు నేసే ఇల్లట, కూతురి పురిటికి గుంటూరు వెళుతోంది. డబ్బా మూత తీసి చిత్రాన్నం పెట్టింది. మా అనంతపురంలో నిమ్మకాయ పిండి, పచ్చిమిర్చి దంచి వేసేది చిత్రాన్నం. కృష్ణ దాటితే చింతపండు పులుసుతో పులిహోర. పుట్టింటి పులిహోర మర్చిపోయి చిత్రాన్నానికి అలవాటుపడటానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాను.

"యాడికి పోతాండావు, మొగం అట్ల పెట్టుకోని?" అని అడిగింది. పెద్దకర్మకన్నాను. అనకపోయినా బాగుండేది.

"మా అత్త దినాలకు కాకి రాలేదు సూడమ్మా" అని మొదలుపెట్టింది. "ఎండ నడినెత్తికొచ్చె. ఎవురెవురో ఏమేమో మొక్కుకునిరి. ఊహూ. ఆకరికి మా మరిది ముందరికొచ్చి, 'అమ్మా, నీ ముక్కుపుడక నేనే తీసినా' అన్యాడు. అనిందే తడవు కాకి దిగె! మనిషికి ఎవురి మీదన్నా మనసులో ఉంటే కాకి ముట్టదు తల్లీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగాను. నంద్యాల, మార్కాపురం, నరసరావుపేట, అన్నీ వెళ్లిపోయాయి. ఒక్క స్టేషనూ నా కంటికి ఆనలేదు. పోయి పదకొండు రోజులైనా ఆ మనిషి విస్తరాకు ముందు కూర్చుని నా మాట కోసమే చూస్తాడా? నలుగురిలో చెప్పమంటారా? చెప్పకపోతే కాకి రాదా? చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

హనుమాన్ జంక్షన్

బెజవాడ నించి రత్నం వాళ్ల ఊరు ఆగిరిపల్లికి తిన్నగా బస్సుంది. నేను ఏలూరు బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాను. చుట్టుతోవ అని తెలిసే ఎక్కాను. గంటన్నర ఆలస్యంగా చేరొచ్చు కదా అని.

ఆంజనేయస్వామి గుడి ముందు నించి లారీలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. సీజను కాబట్టి సగం లారీల్లో ప్లాస్టిక్ క్రేట్లలో కాయలే. రోడ్డు దాటబోతుంటే ఎడమ కాలి చెప్పు తెగింది. బయల్దేరిన పని మంచిదైతే చెప్పెందుకు తెగుతుంది! ఈడ్చుకుంటూ వెళ్లి నూటయాభై పెట్టి ప్లాస్టిక్ చెప్పులు కొన్నాను. అవి రెండడుగులకే కరవడం మొదలుపెట్టాయి.

టీ కొట్టాయన పదిహేను రూపాయల టీ చేతిలో పెట్టి ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"కాకి తాత గారి కర్మకా అండీ!" అన్నాడు. "మా నాన్న కర్మకి ఆయనే వచ్చారండి. పొద్దున్నించీ ఒక్క పిట్ట లేదు. ఆయనొచ్చి ఒక్క కూత కూశారండి, ఆరు కాకులు దిగాయి. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో కర్మ జరిగినా ఆయన్నే పిలుచుకెళ్లేవాళ్లు. రూపాయి పుచ్చుకునేవారు కాదు. భోజనం పెడితే తిని, పళ్లు జేబులో వేసుకుని వెళ్లిపోయేవారు."

ఇది నాకు కొత్త. నేనెరిగిన బాబాయి స్టేజీ మీదే కూసేవాడు. "ఎన్నాళ్ల నించి?" అని అడిగాను.

"పది, పదిహేనేళ్లవుద్దండి. అంతకుముందు కథలు చెప్పేవారంట." గ్లాసు కడుగుతూ ఆగాడు. "అన్నట్టు, అందరికీ ఆయన పిలిచారు గానీ, ఇప్పుడు ఆయనకి ఎవరు పిలుస్తారండీ?"

టీ సగంలో వదిలేశాను.

ఇంకో సంగతి చెప్పాలి. బెజవాడ హాల్లో ఆ రోజు కథ బాగానే నడిచింది. తెనాలి కుర్రాడు తప్పుల్లేకుండా చెప్పాడు. చివర్లో వీరుడు నేలకొరిగే ఘట్టం. హాలంతా నిశ్శబ్దం, నేను గొంతు తగ్గించి పాట ఎత్తుకోబోతున్నాను. వెనక వరసలోంచి ఎవరో కాకిలా కూశారు. వెయ్యి మంది ఒక్కసారి గొల్లున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకులోనే అన్నాను: "ఎవరండీ ఆ వెనకున్న తాగుబోతు? కాస్త బయటికి పంపండి." పంపారు. తలుపు మూసిన చప్పుడు స్టేజీ దాకా వినపడింది. ఈ సంగతి ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

నూజివీడు బజారు

సాయంత్రానికే రత్నం ఇంటికి చేరొచ్చు. బస్సు లేటని అబద్ధం చెప్పి నూజివీడు లాడ్జిలో దిగాను. అబద్ధం చెప్పినందుకు ప్రాయశ్చిత్తానికి వెళుతూ దారిలో ఇంకో అబద్ధం. ఇదీ నా తెలివి!

పొద్దున హోటల్లో పెసరట్టు, అల్లం పచ్చడి, నలభై రూపాయలు. అనంతపురంలో ఈ వేళకి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. పొద్దున్నే బజ్జీలేంటని నేను కొత్తలో నవ్వేదాన్ని. ఇప్పుడు పెసరట్టు ముందు కూర్చుని బజ్జీ ఏదని వెతుక్కుంటున్నాను. మనిషి ఏ ఊరికీ పూర్తిగా చెందకుండా పోవడమంటే ఇదే కాబోలు.

బజారు నిండా గడ్డి వాసన, పండు వాసన. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, పచ్చడికి కలెక్టరు కాయలు. ఒక ముసలమ్మ గోనె పరుచుకుని గడ్డిలో మాగిన చిన్నరసాలు పేర్చుకుంది. డజను రెండొందలు. మా ఊళ్లో అయితే ఆ రేటుకి అరడజను కూడా రావు. నేను కాయని అటూ ఇటూ తిప్పి చాకు కోసం చూస్తుంటే ఆవిడకి ఒళ్లు మండింది.

"కోసుకు తినే కాయ కాదమ్మా అది! పిసికి, ముచిక తీసి జుర్రుకోవాలి. ఏ ఊరు మీది?"

"ఇక్కడే, గుడివాడ పక్క" అన్నాను. సిగ్గేసింది.

"మరి అంత మర్చిపోతే ఎట్టా?" అని ఒక పండు తనే పిసికి చేతిలో పెట్టింది. రసం మోచేతి దాకా కారింది. బాబాయి పళ్లు తీసేసి, గుజ్జుతో సహా ఇలాగే జుర్రేవాడు. ఒక సీజన్లో నూజివీడు పక్క తోటలో కథ చెబితే, మాకు బుట్టెడు రసాలిచ్చారు. ఆయన ఒక్కో పండుకీ "తమరు దయచేయండి" అని దణ్ణం పెట్టి మరీ తిన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చేసరికి బజారు మధ్యలో కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

తోటల దారి

ఆగిరిపల్లి వైపు ఆటోలో వెళుతుంటే రెండు పక్కలా మామిడి తోటలే. చెట్ల కింద మనుషులు పొడుగాటి గెడలకి వల సంచీలు కట్టి కాయలు దించుతున్నారు. ఇక్కడ వాటిని చిక్కాలంటారు. కొన్ని చెట్లకి ప్రతి కాయకీ కాగితం సంచి తొడిగారు, మచ్చ పడకుండా. తోట మొదట్లో పులి బొమ్మ ఫ్లెక్సీ. కోతులు చూసి భయపడాలట. రెండో రోజు నించీ కోతులు ఆ పులి మీదే కూర్చుంటున్నాయని ఆటో డ్రైవరు చెప్పాడు.

"అందుకే గన్‌లు కాలుస్తామండి. ప్లాస్టిక్ పైపు, కార్బైడు. ఢామ్మంటే కోతులు పరార్. కానీ చూడండి, ఇవాళ ఒక్క గన్ కూడా లేదు."

నిజమే, తోటలన్నీ చడీచప్పుడు లేకుండా ఉన్నాయి.

"కాకి తాత గారి మనవడు శీను నిన్న తోట తోటకీ తిరిగి దణ్ణం పెట్టాడండి, మధ్యాహ్నం దాకా కాల్చొద్దని. ఆ చప్పుళ్లకి నెల నించీ కాకులే లేవు కదా ఈ పక్క. అందరూ సరే అన్నారు. ఆయన కాకిని పిలవని ఇల్లేది, చెప్పండి?"

కాకులు లేకపోవడానికి గన్‌లు కారణమైతే ఫరవాలేదు. గన్‌లు ఆపినా రాకపోతేనో?

పందిరి కింద

ఊరి చివర తోటలో, బోరు పక్కన పందిరి వేశారు. మొదట్లోనే బాబాయి ఫ్లెక్సీ. పళ్లు చేత్తో పట్టుకుని, చిగుళ్లతో నవ్వుతున్న ఫొటో. కింద "వయసు: 96".

రత్నం నన్ను పట్టుకుని ఏడ్చింది. యాభై అయిదు దాటిన మనిషి, ఇంకా కాయల కోతకి వెళుతోంది. అరచేతులు మామిడి సొనకి నల్లబడి ఉన్నాయి. నేనేదో ఓదార్పు మాట వెతుక్కుంటుండగానే వెనక గోల.

గన్‌లు ఆపితే కాకులొస్తాయనుకున్నారు గానీ, కోతులొస్తాయని ఎవరికీ తట్టలేదు. పదిహేను కోతులు వంటల దగ్గర దిగి, బూరెల బుట్ట లాక్కుని చెట్టెక్కాయి. ఆడవాళ్లు గరిటెలతో, మగవాళ్లు కండువాలతో పరుగులు. గన్ కాల్చబోయిన ఒకాయన చెయ్యి శీను పట్టుకున్నాడు. "వద్దు మావయ్యా! కాకులు బెదిరిపోతాయి! బూరెలు పోతే పోయాయి!" పై నించి కోతులు బూరెలు కొరికి, లోపలి పూర్ణం తిని, పైనున్న తోపు పిండి మా నెత్తిన వేశాయి. ఇంకో రోజైతే బాబాయి దీన్ని గంటసేపు చెప్పేవాడు.

"అక్కా" అంది రత్నం నా చెవి దగ్గర. "నాన్నకి చెప్పాల్సిన మాట ఆకు ముందే చెప్పు. మర్చిపోకు."

మర్చిపోవడమా! మూడు రోజులుగా నాకు వేరే ఆలోచన ఉంటే కదా.

ఆకు ముందు

తోట గట్టు మీద విస్తరి వేశారు. గారెలు, కోతులు వదిలిన రెండు బూరెలు, ముద్దపప్పు, ఆవకాయ, చిన్నరసం, ఒక చుట్ట. పక్కనే చిన్న ఆకు మీద ఆయన కట్టుడు పళ్లు. "కథకి వస్తే కావాలిగా" అంది రత్నం.

కర్మ చేయించే దాసుగారు అందర్నీ వెనక్కి జరిపారు. ఎదురు చూశాం. పావుగంట. అరగంట. అనంతపురంలో మా పక్కింటివాళ్లు అరగంట చూసి ఆవుకి పెట్టేశారు. ఇక్కడ అలా కుదరదట. "కాకి తాతకి కాకి ముట్టకపోతే ఊరంతటికీ పరువు తక్కువ" అన్నాడొకాయన.

మొక్కులు మొదలయ్యాయి. "తాతా, అమ్మని బాగా చూసుకుంటా" అన్నాడు శీను. "నాన్నా, నీ గుమ్మెట ఎవరికీ ఇవ్వను" అంది రత్నం. తోట గుత్తకి తీసుకున్నాయన వచ్చి "తాతా, నువ్వు పడుకునే మంచె పీకించను, సరేనా?" అన్నాడు. కాకి లేదు. తర్వాత మగవాళ్లు ఒక్కొక్కరే నోటికి చేతులు అడ్డం పెట్టి కావ్ కావ్ అన్నారు. ఒకటి కుక్కలా వచ్చింది, ఇంకోటి దగ్గులా వచ్చింది.

ఎండ మాడ్చేస్తోంది. మెల్లగా అందరి కళ్లూ నా మీదకి తిరిగాయి.

ముందుకెళ్లాను. వేల మంది ముందు నిలబడినదాన్ని, తొంభై మంది ముందు కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

"బాబాయ్" అన్నాను. "పదిహేనేళ్ల కిందట బెజవాడలో ప్రోగ్రాం ఉంటే నీతో..."

"హాలు దొరకలేదని చెప్పావు!" అంది గట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మ.

జనం గొల్లున నవ్వారు. నాకు అర్థం కాలేదు.

"తెనాలి కుర్రాణ్ణి పెట్టుకున్నారు!" అని ఇంకెవరో.

"బస్టాండులో పోస్టరు నేనే చూశానండి" అన్నాడు శీను. "తాత పద పద అంటే బండి మీద తీసుకెళ్లా. వెనక వరసలో కూర్చున్నాం, తలకి తువ్వాలు చుట్టుకుని."

"వీరుడు పడిపోగానే కావ్!" ముసలమ్మ అందుకుంది. "అప్పుడు నువ్వేమన్నావు? మైకులో?"

తొంభై గొంతులు ఒక్కసారి, నా గొంతుని దించుతూ: "ఎవరండీ ఆ వెనకున్న తాగుబోతు? కాస్త బయటికి పంపండి!"

పదిహేనేళ్లు నేను కడుపులో దాచుకుని కుళ్లిపోయిన మాట ఈ ఊళ్లో ప్రతి పొయ్యి దగ్గరా చెప్పుకుంటున్నారు! ఏ కర్మకి వెళ్లినా భోజనాల తర్వాత ఆయన చెప్పేది ఈ కథేనట. నా నడక, నా కోపం, నా మైకు, అన్నీ దించేవాడట. "ఇరవై రెండేళ్లలో మా కథకురాలు మైకులో నా గురించి మాట్లాడింది ఆ ఒక్కసారే" అని ముగించేవాడట. నవ్వి నవ్వి ఒకావిడ కూలబడింది.

నాకూ తేలికవ్వాలి. అవలేదు. కాకీ రాలేదు. ఎందుకంటే వాళ్లందరికీ తెలిసినదాంట్లో ఒకటి తక్కువ.

"ఇంకోటుంది" అన్నాను. నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. "అది తాగుబోతు కూత కాదని నాకు ఆ క్షణమే తెలుసు. ఇరవై రెండేళ్లు నా ఎడమ చెవి పక్కన విన్న కూత. గుర్తుపట్టాను బాబాయ్. నువ్వేనని తెలిసే బయటికి పంపమన్నాను. నా పాట పోయిందని, జనం నీ కూతకి నవ్వారని కుళ్లుకుని పంపమన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. రత్నం లేచి నా వైపు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా నిలబడాలనుకున్నాను.

"గుర్తుపట్టావా?" అంది.

"పట్టాను."

"ఒక్క కూతకే?"

"ఒక్క కూతకే."

రత్నం గిరుక్కున ఆకు వైపు తిరిగింది. "నాన్నా! విన్నావా? గుర్తుపట్టిందంట! ఒక్క కూతకే గుర్తుపట్టిందంట!" ఏడుస్తోంది, నవ్వుతోంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "అదొక్కటే తెలీలేదక్కా ఆయనకి. అందర్నీ నవ్వించేవాడా, ఇంటికొచ్చాక నన్ను అడిగేవాడు. 'రత్తం, నా కూత తాగుబోతు కూతలా ఉందంటావా? అమ్మాయికే తెలీలేదంటే నా పని అయిపోయినట్టేగా' అని. ఆ రోజు నించి స్టేజీ ఎక్కలేదు. కర్మలకి ఎందుకెళ్లేవాడనుకున్నావు? కాకులన్నా గుర్తుపడతాయేమో చూద్దామని మొదలెట్టాడు."

పదిహేనేళ్లు! నేను ఫోనెత్తి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నాకు సిగ్గుచేటైన మాటే ఆయనకి కావలసిన మాట. నేను దాచుకున్నది నా తప్పనుకున్నాను, ఆయనకి రావలసిన మెప్పు దాచేశాను.

ఆకు ముందు కూర్చుండిపోయాను. ఆయన చివరిసారి ఫోన్లో అడిగింది గుర్తొచ్చింది.

"హాలు దొరికింది బాబాయ్" అన్నాను.

"ష్" అన్నారు దాసుగారు. బోరు షెడ్డు మీద ఒక కాకి వాలింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది. దిగింది. గారెల వైపు చూడలేదు, బూరెల వైపు చూడలేదు. గంతులేసుకుంటూ నేరుగా వెళ్లి కట్టుడు పళ్లని ముక్కుతో పట్టుకుంది. లేపింది. జారి ఆవకాయలో పడ్డాయి. మళ్లీ పట్టుకుంది, ఈసారి ఎర్రటి పళ్లతో జానెడెత్తు ఎగిరింది.

"ముట్టింది! ముట్టింది!" అని దాసుగారు అరిచారు. "పళ్లు, పళ్లు!" అని శీను పరిగెత్తాడు. కాకి పళ్లు వదిలేసి, గారె తన్నుకుని మామిడి చెట్ల మీదుగా వెళ్లిపోయింది. తోటంతా నవ్వు. ముసలమ్మలు, కోతకొచ్చిన కూలీలు, దాసుగారు, రత్నం, అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. అలాంటి నవ్వు నేను విని పదిహేనేళ్లయింది.

నవ్వు తగ్గేదాకా కథ ఆపాలి. అది మా పద్ధతి. నేను లేచి, ఎడమ పక్కకి తిరిగి నిలబడ్డాను.